పందెం కట్టేవాళ్లు, లెక్క కట్టేవాళ్లు

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే వ్యాపారి పక్కన కాసేపు నిలబడి చూడండి. కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి పత్తి గుప్పెడు తీస్తాడు. పైపత్తి ఎప్పుడూ బాగానే ఉంటుందని అతనికి తెలుసు. పింజను రెండు వేళ్లతో లాగి పొడవు చూస్తాడు. పిడికిట్లో నొక్కి తేమ చూస్తాడు. ఎండుటాకు ఎంత కలిసిందో చూస్తాడు. తర్వాత నోట్లోనే ఏదో గొణుక్కుని రేటు వేస్తాడు.

ఆ గొణుగుడంతా లెక్కే. క్వింటా పత్తి జిన్నింగ్‌కు వేస్తే సుమారు 34 కిలోల దూది, 64 కిలోల గింజ వస్తాయి, మిగతాది తరుగు. దూది క్యాండీ, అంటే 356 కిలోలు, 55 వేలు పలుకుతోందనుకుందాం. 34 కిలోలకు 5,250 రూపాయలు. గింజ కిలో 35 అయితే 2,240. రెండూ కలిపితే 7,490. అందులోంచి జిన్నింగ్ ఖర్చు, హమాలీ, సెస్సు, లారీ బాడుగ, వడ్డీ, తన లాభం పోగా ఎంత మిగిలితే అంతే వేస్తాడు. పోటీ ఉంటే పదో పరకో పెంచుతాడు, అంతకు మించి కదలడు. వచ్చే నెల పత్తి పెరుగుతుందా అని అడిగితే మాత్రం ‘దేవునికెరుక’ అంటాడు.

రేపటి రేటు తెలియదని ఒప్పుకునే ఇలాంటి వ్యాపారం ఆదోనిలో తరాలుగా నడుస్తోంది. ‘రెండో ముంబై’ అన్న పేరు ఆ ఊరికి ఊరికే రాలేదు. అప్పు తెచ్చి సరుకు నిల్వ పెట్టి దెబ్బతిన్నవాళ్లూ ఉంటారనుకోండి. వాళ్లు ఆ పూట లెక్క వదిలి పందెం కట్టినవాళ్లు.

ఆదోని పక్కనే, ముంబై–చెన్నై రైలు మార్గం మీదే ఆస్పరి ఉంది. ముంబై షేర్ బజారు కోసం ఇక్కడివాళ్లు ఇప్పుడు రైలెక్కే పని లేదు. ఆధార్, పాన్ ఉంటే షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. వానలు పడకపోతే సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే ఈ ప్రాంతంలోనూ షేర్ల సూచీ నిఫ్టీ మీది ఒప్పందాల గడువు (ఎక్స్‌పైరీ) ఏ రోజో చెప్పగల కుర్రాళ్లు కనిపిస్తారు. ఇదేమీ వింత కాదు. రేటు ఎటు కదులుతుందన్న దాని మీద కట్టే ఒప్పందాలు, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్లు, ఆడే వ్యక్తుల్లో 72 శాతానికి పైగా దేశంలోని పెద్ద 30 నగరాల బయటివాళ్లేనని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరు నివేదికలో చెప్పింది. వాళ్లలో నూటికి 75 మందికి పైగా చూపించిన ఏడాది ఆదాయం 5 లక్షల లోపే.

అదే నివేదికలో అసలు సంగతి ఉంది. 2021–22 నుంచి మూడేళ్లలో ఇలా ఆడినవాళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. తలకు సగటున 2 లక్షలు, అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లు పైమాటే. ఖర్చులు పోను లక్ష దాటి లాభం చూసినవాళ్లు నూటికి ఒక్కరు. నిబంధనలు బిగించాక 2024–25లో మళ్లీ చూస్తే నష్టపోయినవాళ్లు 91 శాతం.

పోయిన డబ్బు ఎవరికి చేరింది

ఒకరు పోగొట్టుకున్నది ఇంకొకరికి చేరాలి. 2023–24లో సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలకు సుమారు 33 వేల కోట్లు, విదేశీ మదుపరి సంస్థలకు 28 వేల కోట్లు లాభం వచ్చింది. అందులో 96, 97 శాతం కంప్యూటర్ ప్రోగ్రాములు కొని అమ్మి సంపాదించినదే. బ్రోకర్ల కమీషన్లు, ఎక్స్ఛేంజీ రుసుములు, పన్నులు వేరే. ఆ పద్దు కింద మూడేళ్లలో జనం కట్టింది 50 వేల కోట్ల దాకా ఉంటుంది.

కుర్రాడు ఒక ఆప్షన్ కొంటున్నప్పుడు అవతలి వైపు చాలాసార్లు ఉండేది ఇలాంటి ప్రోగ్రామే. నిఫ్టీ పెరుగుతుందా లేదా అన్నది దానికి పట్టదు. ఈ క్షణాన ఈ ఆప్షన్ 98 చేస్తుందని లెక్క కట్టుకుని 100కు అమ్ముతుంది, వెంటనే ఇంకోచోట దానికి ఎదురు బేరం వేసుకుని నష్ట భయాన్ని వదిలించుకుంటుంది. రెండు రూపాయల బేరాన్ని రోజుకు వేలసార్లు చేస్తుంది. యార్డులో పత్తి వ్యాపారి చేసేదీ ఇదే పని, కాకపోతే నెమ్మదిగా. కుర్రాడి చేతిలో ఉన్నదల్లా ‘ఈ రోజు పెరిగేలా ఉంది’ అన్న నమ్మకం.

ఆ నమ్మకం సగంసార్లు నిజమైనా గట్టెక్కడు. ఎందుకంటే లోపం అంచనాలో కంటే పందెం సైజులో ఉంది. లక్ష రూపాయలతో దిగినవాడు ప్రతిసారీ చేతిలో ఉన్నదాంట్లో రెండు శాతమే పోగొట్టుకునేలా కట్టుదిట్టం చేసుకుంటే, వరసగా పదిసార్లు ఓడినా దాదాపు 82 వేలు మిగులుతాయి. అదే ప్రతిసారీ పావు వంతు ఒడ్డితే పదో ఓటమికి మిగిలేది 5,600. అక్కణ్నుంచి మళ్లీ లక్ష కావాలంటే డబ్బు పద్దెనిమిది రెట్లు పెరగాలి. వరసగా పది ఓటములా అనుకోవద్దు. ఏడాదికి వెయ్యి బేరాలు చేసేవాడికి అలాంటి వరస ఎప్పుడో ఒకప్పుడు తగలక మానదు.

అమెరికన్ ట్రేడర్ జెస్సీ లివర్‌మోర్ అంచనాలో ఎవరికీ తీసిపోలేదు. 1929లో న్యూయార్క్ మార్కెట్ కుప్పకూలుతుందని పసిగట్టి సుమారు పది కోట్ల డాలర్లు గడించాడు. అయినా 1934లో దివాలా తీశాడు. మన యార్డుకు వచ్చే ఆముదాల్లోనూ ఇలాంటి కథే జరిగింది. రేటు పడిపోయి గగ్గోలు రేగడంతో 2016 జనవరిలో ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజీ ఆముదాల ఫ్యూచర్స్‌నే ఆపేయాల్సి వచ్చింది.

ఇంకో జబ్బు మనుషులందరికీ ఉన్నదే. లాభం కాస్త కనిపించగానే అమ్మేస్తాం, నష్టం వస్తే ‘మళ్లీ లేస్తుందిలే’ అని పట్టుకు కూర్చుంటాం. అమెరికాలో పరిశోధకుడు టెరెన్స్ ఓడియన్ పది వేల బ్రోకరేజీ ఖాతాలు తిరగేసి 1998లో ఇది రుజువు చేశాడు. మనకు అంత దూరం అక్కర్లేదు. 2022లో పత్తి క్వింటా పది వేలు దాటింది. మరుసటి సీజనులో ఆ రేటు మళ్లీ వస్తుందని ఇంట్లో పత్తి నింపుకుని, పిల్లలను వరండాలో పడుకోబెట్టిన రైతులు చివరికి తక్కువకే అమ్ముకున్నారు. వాళ్లను తప్పుపట్టను. ఏడాది కష్టం అది. ఎక్స్‌పైరీ రోజున సున్నాకు జారుతున్న ఆప్షన్‌ను పట్టుకు కూర్చునేవాడికి మాత్రం ఆ సాకు లేదు.

అనుభవం నేర్పుతుందా?

‘రెండేళ్లు ఓపిక పట్టు అన్నా, పట్టు దొరుకుతుంది’ అంటారు. బ్రెజిల్‌లో 2013–15 మధ్య ఫ్యూచర్స్‌లో డే ట్రేడింగ్ మొదలుపెట్టినవాళ్లను పరిశోధకులు వెంబడించి చూశారు. మూడొందల రోజులకు పైగా వదలకుండా చేసినవాళ్లు 1,551 మంది. వాళ్లలో 97 శాతం మంది నష్టపోయారు. అక్కడి కనీస వేతనం కన్నా ఎక్కువ సంపాదించినవాళ్లు 17 మంది.

ఆ 17 మంది మాటలే మన చెవిన పడతాయి. మన వైపు వజ్రాల వేటలోనూ ఇంతే. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దొరికినవాడి ఫొటో పేపర్లో పడుతుంది. ఒట్టి చేతులతో బస్సెక్కినవాళ్ల సంగతి ఎవరు రాస్తారు? దొరికినా దొరకకపోయినా రోజూ నాలుగు డబ్బులు చూసేది మాత్రం గట్టున టీ, టిఫిన్ అమ్మేవాళ్లు, రాయి కొనడానికి మకాం వేసిన వ్యాపారులు.

నిజంగా గెలిచేవాళ్లు లేరని కాదు. జిమ్ సైమన్స్ లెక్కల ప్రొఫెసర్, అంతకుముందు అమెరికా ప్రభుత్వానికి రహస్య సంకేతాలు విప్పిపెట్టినవాడు. ఆయన మెడాలియన్ ఫండ్ 1988 నుంచి 2018 దాకా, ఫీజులు తీయకముందు, ఏడాదికి సగటున 66 శాతం సంపాదించింది. అక్కడ పనిచేసింది గణిత, భౌతిక శాస్త్రవేత్తలు. వాళ్ల బేరాల్లో కూడా గెలిచేవి సగానికి కాస్త ఎక్కువే. ఆ కాస్తను లక్షలసార్లు పండించుకున్నారు. పద్ధతి ఎవరికీ చెప్పలేదు, కొన్నాళ్లకు బయటివాళ్ల డబ్బు కూడా తిరిగిచ్చేసి ఫండ్‌ను సొంత ఉద్యోగులకే ఉంచుకున్నారు.

మన దగ్గర పద్ధతి నేర్పుతామనేవాళ్లకు కొదవ లేదు. యూట్యూబ్‌లో ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో పాఠాలు చెప్పిన మొహమ్మద్ నసీరుద్దీన్ అన్సారీ మీద సెబీ 2023 అక్టోబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కోర్సుల పేరుతో వసూలైన 17.2 కోట్లు జప్తు ఖాతాలో వేయమంది. తన ట్రేడింగ్‌లో లాభాలే లాభాలని ఆయన చూపించుకున్నాడు. 2021 జనవరి నుంచి 2023 జులై దాకా ఆయన సొంత ఖాతా తెరిచి చూస్తే, సెబీ లెక్క ప్రకారం, 2.89 కోట్ల నష్టం ఉంది.