మీకు తెలుసా? పడిపోవడానికే ఎగిరే రాకెట్

శ్రీహరికోట నుంచి ఎగిరిన మొట్టమొదటి రాకెట్ ఏ ఉపగ్రహాన్నీ మోసుకెళ్లలేదు. 1971 అక్టోబరు 9న అక్కణ్నుంచి లేచింది రోహిణి-125 అనే సౌండింగ్ రాకెట్. ఈ జాతి రాకెట్లు కక్ష్య జోలికి పోవు. నిటారుగా పైకెళ్లి, దారిలో గాలినో విద్యుత్ కణాలనో కొలిచి, ఆ లెక్కలు రేడియోలో కిందికి పంపి, కొన్ని నిమిషాల్లోనే సముద్రంలో పడిపోతాయి. అలా పడితేనే పని సవ్యంగా జరిగినట్టు!

పేరులోని 125 ఏమిటంటారా? రాకెట్ గొట్టం వ్యాసం, మిల్లీమీటర్లలో. 1967లో కేరళలోని తుంబా నుంచి ఎగిరిన తొలి రోహిణి వ్యాసం 75 మాత్రమే. ఇప్పటి రోహిణి (ఆర్‌హెచ్)-200 పది కిలోల పరికరాలను 80 కిలోమీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. పెద్దన్న ఆర్‌హెచ్-560 అయితే వంద కిలోలను 470 కిలోమీటర్ల దాకా తీసుకెళ్తుంది. 2021 మార్చి 12న పై వాతావరణంలో గాలుల తీరు చూడడానికి శ్రీహరికోట నుంచి పంపింది దీన్నే.

ఇంత చిన్న రాకెట్ల అవసరమేమిటి? వాతావరణ బెలూన్లు సాధారణంగా 30, 40 కిలోమీటర్ల లోపే పగిలిపోతాయి. ఉపగ్రహమేమో 150 కిలోమీటర్ల కిందికి దిగితే గాలి రాపిడికి ఎక్కువసేపు నిలవదు. ఈ రెంటికీ మధ్యనున్న పొరలోకి పరికరాన్ని నేరుగా పంపాలంటే సౌండింగ్ రాకెట్టే దిక్కు.

చిన్న రోహిణిలకు దారి మళ్లించే యంత్రాంగం ఉండదు. తోక రెక్కలు కాస్త వాలుగా బిగిస్తారు. దాంతో రాకెట్ గిరగిరా తిరుగుతూ తిన్నగా పోతుంది. అయినా గాలి తోస్తుంది కదా! అందుకే ముందుగా బెలూన్లు వదిలి గాలి వేగం చూసి, ఆ లెక్క ప్రకారం ప్రయోగ పట్టాను వంచుతారు. ఇక పైనున్న గాలిని కొలిచే పద్ధతుల్లో ఒకటి భలే తమాషాగా ఉంటుంది. శిఖరానికి చేరగానే రాకెట్ తలలోంచి సన్నటి రాగి తీగ ముక్కల్ని వెదజల్లుతారు. అవి గాలివాటున కొట్టుకుపోతుంటే కింద రాడార్ వాటిని వెంటాడుతుంది. ముక్కలు ఎటు పోతే గాలి అటు. ఇంతకన్నా తేలికైన ఉపాయం నాకైతే కనిపించదు.

కొత్త ఇంజన్లను పరీక్షించడానికీ ఈ రాకెట్లే చవక. 2016 ఆగస్టు 28న గాలిలోని ఆక్సిజన్‌తోనే మండే స్క్రామ్‌జెట్ ఇంజన్‌ను ఇస్రో అయిదు సెకన్లు వెలిగించి చూసింది కూడా సౌండింగ్ రాకెట్ మీదే.

2022 నవంబరు 18న మన దేశపు తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్ ఎగిరింది కూడా శ్రీహరికోటలోని సౌండింగ్ రాకెట్ల ప్రాంగణం నుంచే. తయారుచేసింది హైదరాబాద్ సంస్థ స్కైరూట్. స్థాపించిన ఇద్దరూ ఇస్రోలో పనిచేసిన ఇంజనీర్లే, పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా. ఆరు మీటర్ల పొడవు, కార్బన్ ఫైబర్ ఒళ్లు, 545 కిలోల బరువు. అది చేరిన ఎత్తు 89.5 కిలోమీటర్లు. అంటే రాజాం నుంచి విశాఖకు ఉన్నంత దూరం కూడా కాదు! బస్సులో రెండు గంటలు దాటే ఆ దూరాన్ని ఈ రాకెట్ నిమిషాల్లో ఎక్కి, దిగి, బంగాళాఖాతంలో పడింది.

రాజాం చుట్టుపక్కల ఊళ్లలో తొమ్మిదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్లకో మాట. ఇస్రో 2019లో మొదలుపెట్టిన 'యువిక' శిక్షణ మీ తరగతి వారి కోసమే. ఎంపికలో పల్లె బడుల పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది. శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో శ్రీహరికోట కూడా ఒకటి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ప్రకటన కోసం ఇస్రో వెబ్‌సైట్‌పై కన్నేసి ఉంచండి.