బస్తా మీద లేని పేరు

వలీమా విందులో పళ్లెం ముందుకు రాగానే మన చూపు మొదట అన్నం మీదే పడుతుంది. మెతుకు సన్నగా, పొడిపొడిగా ఉంటే "బియ్యం మంచివి" అని మెచ్చుకుంటాం. బాస్మతి కొనే స్తోమత లేని ఇళ్లలో పండుగ పులావు కూడా ఆ సన్నబియ్యంతోనే. తెనాలిలోగానీ, రేపల్లెలోగానీ బియ్యం కొట్టులో అడిగి చూడండి. "బీపీటీ అండీ" అంటారు. ఆ మూడక్షరాలకు అర్థం బాపట్ల. 5204 అన్నది ఆ వంగడానికి ఇచ్చిన సంఖ్య. ఊరి పేరు ఉంది, సంఖ్య ఉంది. దాన్ని రూపొందించిన మనిషి పేరు మాత్రం బస్తా మీద లేదు.

ఆ మనిషి ఎవరు?

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో వెలిసింది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అది భాగమైంది. ఆ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. ఆయన బాపట్లకు దగ్గరలోని నిడుబ్రోలు రైతుబిడ్డ, 1991లో పద్మవిభూషణ్ పొందినవారు. రాష్ట్ర విభజన తర్వాత విశ్వవిద్యాలయ కేంద్రం గుంటూరు చెంత లాంలో ఉంది.

బాపట్లలో పనిచేసిన శాస్త్రవేత్త డాక్టర్ ఎం.వి. రెడ్డి, ఆయన సహచరులు రూపొందించిన వంగడమే బీపీటీ 5204. 1986లో సాంబా మసూరి పేరుతో రైతుల చేతికి వచ్చింది. నేడు కోట్లాది మంది తినే అన్నం అది. తినేవారిలో ఆ పేరు తెలిసినవారు ఎందరు?

ధాన్యానికీ ఒక సనద్

మదర్సాలో చదువు ముగించిన షాగిర్ద్‌కు సనద్ ఇస్తారు. తన ఉస్తాద్ ఎవరు, ఆయనకు నేర్పిన ఉస్తాద్ ఎవరు అని ఆ సిల్సిలా వెనక్కి సాగిపోతుంది. మధ్యలో ఒక్క పేరు జారిపోయినా లోపమే. సాంబా మసూరికీ అలాంటి సిల్సిలా ఉంది. కోయంబత్తూరులో 1921లో ఎంపిక చేసిన జీఈబీ 24 గింజ నాణ్యతకు పేరుపడింది. తైవాన్‌లో 1956లో వచ్చిన తైచుంగ్ నేటివ్ 1 పొట్టి రకం. ఆ రెండింటి సంకరాన్ని మలేషియాలో 1965లో విడుదలైన మసూరితో కలిపారు. మూడు దేశాల పొలాలు బాపట్ల మడిలో కలుసుకున్నాయి.

ఇది ఒక్కరోజులో అయ్యే పని కాదు. వరి తన పుప్పొడితోనే గింజ కట్టే పంట. అందుకే సాయంత్రం పూట కంకిలోని చిన్న చిన్న పువ్వుల కొనలు కత్తిరించి, ఒక్కో దానిలోని ఆరు పుప్పొడి తిత్తులనూ తీసి, కాగితపు సంచి తొడుగుతారు. మర్నాడు ఉదయం రెండో రకం పుప్పొడిని దానిపై రాలుస్తారు. అలా వచ్చిన గుప్పెడు గింజలను విత్తి, ఏరి, మళ్లీ విత్తి, తరం తర్వాత తరం పరీక్షిస్తారు. ఏళ్లు గడుస్తాయి. ఆచార్యుడి వెంట క్షేత్ర సహాయకులు, కూలీలు ఎండలో నిలబడతారు. బిరుదు ఒకరికి వస్తే రావచ్చు. చెమట మాత్రం అందరిదీ.

గౌరవాలు వచ్చినవారు

బిరుదులు రానేలేదని కాదు. ఈ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన గోధుమ శాస్త్రవేత్త డాక్టర్ ఎం.వి. రావును 1999లో పద్మశ్రీతో సత్కరించారు. తమిళనాడులోని ఇళయాంగుడిలో 1937లో పుట్టిన డాక్టర్ ఇ.ఎ. సిద్దీఖ్ పొట్టి బాస్మతి రకాలకూ, సంకర వరికీ తన విద్యను ధారపోశారు. హైదరాబాద్‌లో వరి పరిశోధనకు సారథ్యం వహించారు, ఈ విశ్వవిద్యాలయంలో గౌరవ ఆచార్యులుగానూ ఉన్నారు. 2011లో పద్మశ్రీ ఆయనను వరించింది. మన పిల్లలకు సినిమా తారల పేర్లు కంఠస్థం. సిద్దీఖ్ సాబ్ పేరు ఎన్ని ఇళ్లలో వినబడింది?

పని ముగియలేదు

సాంబా మసూరిలో లోపాలూ లేకపోలేదు. పంటకాలం ఇంచుమించు అయిదు నెలలు. ఎండాకు తెగులు, అగ్గి తెగులు దాన్ని వదలవు. కాలువ నీరు ఆలస్యంగా చేరే రేపల్లె శివారు రైతుకు ఆ ఆఖరి రోజులు గుండెల్లో దడే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల వద్దే తీరం దాటింది. కోతకు వచ్చిన చేలు నేలకొరిగాయి. తొందరగా పండే, పడిపోని, రుచి చెడని రకం ఎంత అవసరమో ఆ రైతునే అడగాలి.

అందుకే తర్వాతి తరం పని సాగుతూనే ఉంది. ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబా మసూరి 2008లో హైదరాబాద్ శాస్త్రవేత్తల చేతుల మీదుగా వచ్చింది. 2025 మేలో ప్రకటించిన 'కమల' కూడా సాంబా మసూరి జన్యువును సవరించి తీర్చినదే. అసలు రకం కంటే సుమారు ఇరవై రోజుల ముందే కోతకు వస్తుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఒక ఉస్తాద్ నేర్పిన పాఠాన్ని షాగిర్ద్ ముందుకు తీసుకుపోవడం అంటే ఇదే.

ఇల్మ్‌కు ఖద్ర్ అంటే శాలువా కప్పి, ఫోటో దిగి మరిచిపోవడం కాదు. ఆ పేరును తర్వాతివారికి అప్పజెప్పడం. ఈ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు పిల్లలను అడగండి: ఈ అన్నం వెనుక ఎవరున్నారు? వారికి తెలియకపోతే చెప్పండి. బస్తా మీద లేని పేరు కనీసం మన దస్తర్‌ఖాన్ దగ్గరైనా వినబడాలి.