మెత్తబడ్డ బ్రేకు

ఏమప్పా, మీ నాయన పాత అంబాసిడర్‌లో బ్రేకు తొక్కితే మెత్తగా లోపలికి పోతోందన్నావు. బ్రేకు షూలు అరిగిపోయాయి, మార్చాలి అంటున్నాడా? కాస్త ఆగమను. షూలు అరిగితే పెడల్ కిందికి దిగుతుందే గాని మెత్తబడదు. ఈ రెండింటికీ తేడా తెలిస్తే సగం డబ్బు మిగిలినట్టే.

మందుల అంగట్లో సూది లేని సిరంజి ఒకటి తెచ్చుకో. నిండా నీళ్లు పట్టి, మూతి వేలితో మూసి నొక్కు. కదలదు. ఇప్పుడు కొంచెం గాలి బుడగ రానిచ్చి మళ్లీ నొక్కు. లోపలికి పోతుంది, వదిలితే వెనక్కి తంతుంది. నీ కాలి కింద జరుగుతున్నదీ ఇదే. మూసిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ తగ్గకుండా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పాస్కల్ చెప్పాడు. దాన్ని నమ్ముకునే పెడల్ నుంచి నాలుగు చక్రాలకూ సన్నని గొట్టాలు వేసి బ్రేక్ ఆయిల్ నింపారు.

లెక్క చూడు, సరదాగా ఉంటుంది. నువ్వు 20 కిలోల బరువుతో తొక్కావనుకో. పెడల్ మీటలాంటిది కాబట్టి అది సుమారు అయిదింతలై, 100 కిలోలుగా మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ మీద పడుతుంది. ఆ పిస్టన్ ముఖం దగ్గర దగ్గర 3 చదరపు సెంటీమీటర్లు. అంటే గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 33 కిలోల ఒత్తిడి! అంత ఒత్తిడికి కూడా ద్రవం కుంచించుకునేది లెక్కలోకి రాదు. గాలి మాత్రం ముప్పయ్యో వంతుకు ముడుచుకుపోతుంది. ఎక్కడో ఒక్క మిల్లీలీటరు గాలి ఉందా, దాన్ని నలపడానికే పిస్టన్ 3 మిల్లీమీటర్లు కదలాలి, నీ పాదం ఒకటిన్నర సెంటీమీటర్లు దిగాలి. ఆ కదలిక చక్రం దాకా చేరనే చేరదు.

కాబట్టి బండి నిలిపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ముందు కాలితోనే పరీక్ష చెయ్యి. గబగబా రెండు మూడు సార్లు తొక్కు. పెడల్ పైకి లేచినా మెత్తగా ఊగుతుంటే గాలి చేరింది. లేచి గట్టిగా నిలబడితే షూకీ, అది ఒరుసుకునే చక్రపు డ్రమ్ముకీ మధ్య సందు పెరిగింది, అడ్జస్టర్ తిప్పితే సరిపోవచ్చు. ఇంక గట్టిగా తొక్కి అలాగే పట్టుకో. మెల్లమెల్లగా నేలదాకా జారిపోతోందా? ఎక్కడో కారుతోంది. చక్రాల లోపలి వైపు, గొట్టాల అతుకుల దగ్గర, మాస్టర్ సిలిండర్ వెనక తడి ఉందేమో వెతుకు. ఎక్కడా తడి లేదు, పైనున్న ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గలేదు, అయినా జారుతోందంటే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు అరిగి, ఆయిల్ లోపలే వెనక్కి దాటుతోందని అనుమానించాలి. ఇలాంటి బండిని మెకానిక్ దగ్గరికి కూడా నడుపుకుంటూ పోకూడదు, మెకానిక్‌నే పిలిపించు.

కాలి బలాన్ని పెంచే బూస్టర్ ఉన్న బండ్లలో ఇంజను ఆపి నాలుగైదు సార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త దిగుతుంది. అది జబ్బు కాదు, బూస్టర్ పనిచేస్తోందని గుర్తు.

మన రూపనగుడి ఊరి చుట్టుపక్కల నేల చదును, అందుకని ఒక జబ్బు ఇక్కడ బయటపడదు. సండూరు కుమారస్వామి గుడికి పోయి కొండ దిగేటప్పుడు బయటపడుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తది 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టిన తర్వాతి పరీక్షలో ఆ హద్దు 140 డిగ్రీలే. జనంతో కలిపి 1200 కిలోల బండి బ్రేకుల మీదే 300 మీటర్ల ఎత్తు దిగిందంటే, లీటరుకు పైగా నీళ్లను పూర్తిగా ఆవిరి చేసేంత వేడి పుడుతుంది. అందులో కొంత ఆయిల్‌దాకా పాకి అది మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు. పెడల్ ఖాళీగా పోతుంది. కిందికొచ్చి టీ తాగేలోపు చల్లారి మళ్లీ గట్టిబడుతుంది, ‘ఏమీ లేదులే’ అనుకుంటారు. కొండ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజను చేతనే బండిని పట్టించాలనేది ఇందుకే.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. నువ్వు సీట్లో కూర్చో, మీ నాయన చక్రం దగ్గర. గాలి వదిలే బ్లీడర్ నిపుల్‌కు పారదర్శకమైన సన్న గొట్టం తగిలించి, రెండో కొస కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. నువ్వు తొక్కి పట్టు, ఆయన నిపుల్ వదులు చేస్తాడు, బుడగలొస్తాయి. ఆయన బిగించాకే నువ్వు కాలెత్తాలి. ముందే ఎత్తావా, పోయిన గాలి తిరిగి లోపలికొస్తుంది. చాలా బండ్లలో మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలెడతారు. మధ్యమధ్యలో పై డబ్బా ఖాళీ కాకుండా నింపుతుండాలి. ఇంజను ఆయిల్ పొరపాటున కూడా పోయొద్దు, రబ్బరు కప్పులన్నీ ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్. పోయిన ఏడాది సీలు విప్పి షెడ్డులో పెట్టిన సగం డబ్బా ఉంది చూడు, అది తేమ పీల్చుకుని ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. బళ్ళారిలో కొత్తది తెప్పించు.