‘లోకరీతి’ ఎవరు పెట్టిన రీతి?

ఆరాధన ముగిసి గుడి బయటకు వచ్చాక ఇంటద్దెల గురించో, పిల్లల ఫీజుల గురించో మాటలు సాగుతాయి. ఎవరో ఒకరు తప్పక అంటారు: “ఏం చేస్తామండీ, లోకరీతి అంతే.” డబ్బున్నవాడు డబ్బు పెడతాడు, లేనివాడు ఒళ్లు వంచుతాడు. లాభం మొదటివాడిది, కూలి రెండోవాడిది. నీరు పల్లానికి పారినట్టు ఇదీ సహజమేనని ఆ మాటకు అర్థం.

నిజంగా సహజమేనా? పెట్టుబడిదారీ విధానం సృష్టిలోనే ఉన్నదా, లేక మనుషులు ఎంచుకొని పెట్టుకున్నదా? కాలేజీ వక్తృత్వ పోటీకి ఇచ్చే అంశంలా ఉందని దీన్ని పక్కన పెట్టకండి. వానకు ఎవరూ జవాబుదారీ కాదు. ఎంచుకున్నదానికి మాత్రం ఎంచుకున్నవాడు జవాబు చెప్పాలి. విశ్వాసి దేవుని ఎదుట చెప్పాలి.

ముందుగా ఒక తేడా గమనించాలి. కొనడం, అమ్మడం చాలా పాతవి. అబ్రాహాము తన భార్యను పాతిపెట్టడానికి మక్పేలా గుహను నాలుగువందల తులముల వెండి తూచి ఇచ్చి కొన్నాడు (ఆది. 23). మన ఊళ్లలో వారపు సంత ఏ ప్రభుత్వ ఉత్తర్వుకూ ఎదురు చూడలేదు. పెట్టుబడిదారీ విధానం సంత ఒక్కటే కాదు. భూమి, పనిముట్లు, ముడిసరుకు ఒకరి చేతిలో ఉండి, మిగిలినవారంతా తమ దినాలను వారికి అమ్ముకొని బ్రతకడం అందులోని ముఖ్య సంగతి. సంత సహజమని ఒప్పుకున్నంత మాత్రాన ఈ ఏర్పాటు కూడా సహజమైపోదు.

దీన్ని పరీక్షించి చూడడానికి హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల కంటే మంచి చోటు లేదు. తెలుగునాట డబ్బు, పేరు, పోటీ ఇంత దగ్గరగా పోగైన కొండ మరొకటి కనిపించదు. ఇక్కడి స్థలాల ధర వింటే సామాన్యుడికి కళ్లు తిరుగుతాయి. బజారే తనంతట తాను ఈ కొండను బంగారం చేసిందని చాలామంది నమ్మకం.

చరిత్ర వేరుగా ఉంది. 1960లలో ఇది రాళ్లూ ముళ్లపొదలూ తప్ప ఏమీ లేని కొండ. చల్లగళ్ల నరసింహారావు అనే ఐ.ఎ.ఎస్. అధికారి పూనికతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడింది. ప్రభుత్వం ఆ సంఘానికి వెయ్యి ఎకరాలకు పైగా భూమి ఇచ్చింది. ‘సహకార’ అన్న మాటను ఒక్క క్షణం పట్టుకోండి. దేశంలో అతి ఖరీదైన పేటలలో ఒకటి మొదలైంది సహకార సంఘంగా, సర్కారు భూమి మీద!

సినిమా కూడా ఇక్కడికి గాలివాటుగా రాలేదు. తెలుగు చిత్రాలు చాలాకాలం మద్రాసులోనే తయారయ్యాయి. వాటిని స్వరాష్ట్రానికి రప్పించాలని ప్రభుత్వం నిశ్చయించుకుంది. 1975లో రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇక్కడ తీసిన చిత్రాలకు రాయితీలు, ప్రోత్సాహకాలు ఇచ్చారు. అక్కినేని నాగేశ్వరరావు 1976లో పక్కనున్న బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. తర్వాత కృష్ణగారి పద్మాలయ, రామానాయుడుగారి స్టూడియో వచ్చాయి. సినిమావారి గృహనిర్మాణ సంఘానికి ఇచ్చిన స్థలంలో ఫిల్మ్‌నగర్ లేచింది. వారి తెగువను, కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రాళ్ల మీద స్టూడియో కట్టడానికి గుండె కావాలి. అయితే ఆ తెగువకు కింద పరిచిన నేల మాత్రం కార్యాలయాల్లో, సంతకాలతో తయారైంది. రాళ్లు కొట్టినవారు, గోడలు లేపినవారు ఆ కొండకే ఆనుకొని ఉన్న బస్తీల్లో మిగిలారు. జ్ఞానీ జైల్‌సింగ్ నగర్ వంటి పేర్లు పటంలో వెదికితే దొరుకుతాయి. ఎవరికి ప్లాటు, ఎవరికి గుడిసె అన్నది ప్రకృతి తేల్చిన లెక్క కాదు.

సినిమా వ్యాపారపు కట్టుబాట్లు కూడా మన కళ్లముందే ఎన్నిసార్లో మారాయి. మద్రాసు రోజుల్లో విజయావారి వంటి సంస్థలు నటులను నెలజీతం మీద పెట్టుకున్నాయి. తర్వాత చిత్రానికి ఇంత అనే పారితోషికం వచ్చింది. ఇప్పుడు పెద్ద హీరోలు లాభాల్లో వాటా అడుగుతున్నారు. 1998లో కేంద్ర ప్రభుత్వం సినిమాను పరిశ్రమగా గుర్తించేదాకా బ్యాంకుల తలుపులు నిర్మాతకు మూసి ఉండేవి. ఫైనాన్షియర్ చెప్పిన వడ్డీకే అప్పు తేవాలి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో సినిమా టికెట్టు ధరను ప్రభుత్వ ఉత్తర్వు బాగా దించింది, 2022లో మరో ఉత్తర్వు పెంచింది. బజారు ధర అని మనం పిలిచేది ఎన్ని చేతులు మారి వస్తుందో చూడండి.

వీటన్నిటిలో నాకు ఎక్కువ నేర్పినది పాట సంగతి. ఒక కవి పాట రాస్తాడు, ఒకరు బాణీ కడతారు. ఆ పాట రేడియోలో, పెళ్లి పందిట్లో, సెల్‌ఫోనులో దశాబ్దాలు మోగుతుంది. ఆ వచ్చే డబ్బు ఎవరిది? సొమ్ము పెట్టి రాయించుకున్నవాడే మొదటి హక్కుదారు అని 1977లో సుప్రీంకోర్టు అప్పటి చట్టాన్నిబట్టి తేల్చింది. డబ్బు పెట్టినవాడిదే ఫలమని ముప్పై అయిదేళ్లు అందరూ ఒప్పుకున్నారు. అది సహజమనే అనుకున్నారు. 2012లో పార్లమెంటు కాపీరైటు చట్టాన్ని సవరించింది. సినిమా హాలులో చిత్రంతోపాటు వినిపించడం మినహా, వేరే విధంగా పాటను వాడుకుంటే వచ్చే రాయల్టీలో రచయితకు, సంగీత దర్శకుడికి సమాన వాటా ఉండాలని, వారు తామే వదులుకుంటామని రాసిచ్చినా ఆ వదులుకోలు చెల్లదని నిర్ణయించింది. పాట అదే, బాణీ అదే. సొత్తు ఎవరిదన్నది మాత్రం మారిపోయింది. సూర్యోదయాన్ని ఏ పార్లమెంటూ సవరించలేదు కదా!

ఇక లేఖనాల వైపు చూద్దాం. ‘జూబ్లీ’ అన్న పేరు పెట్టినవారి మనసులో మోషే ధర్మశాస్త్రం ఉందని నేను అనుకోను. అయినా ఆ మాట పుట్టిల్లు అక్కడే. హెబ్రీలో ‘యోబేలు’ అంటే పొట్టేలు కొమ్ము. మన తెలుగు బైబిలులో దాన్నే సునాదమన్నారు. లేవీయకాండము 25వ అధ్యాయం నిదానంగా చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ఏబదియవ సంవత్సరంలో బూర ఊదినప్పుడు పొలం పాత కుటుంబానికి తిరిగి వెళ్లాలి. కాబట్టి ఇశ్రాయేలులో పొలం అమ్మినవాడు నిజానికి అమ్మింది నేలను కాదు, సునాదం దాకా మిగిలిన పంటలను. ఎక్కువ ఏళ్లుంటే ఎక్కువ ధర, తక్కువ ఏళ్లుంటే తక్కువ ధర. ప్రాకారముగల పట్టణంలోని ఇంటికి మాత్రం ఈ విడుదల లేదు; ఏడాదిలోగా విడిపించుకోకపోతే కొన్నవాడికే శాశ్వతం. అంటే దేవుడు కొనుగోలును నిషేధించలేదు. బ్రతుకుతెరువైన పొలాన్నీ పట్టణపు ఇంటినీ వేరుచేసి, బజారుకు ఎక్కడిదాకా చోటివ్వాలో నిర్ణయించాడు.

మరోవైపు యోసేపు కథ ఉంది. కరవులో ఐగుప్తీయులు వెండిని, పశువులను, చివరకు పొలాలనూ తమ్మునూ ఫరోకు అమ్ముకున్నారు. అయిదవ వంతు ఫరోదని యోసేపు కట్టడ నియమించాడు (ఆది. 47). రెండు దేశాలు, రెండు ఏర్పాట్లు. రెండూ కట్టడలే.

కమ్యూనిజమే క్రైస్తవమని నేను చెప్పబోతున్నానని కొందరు చదువరులు కలవరపడవచ్చు. కాదు. ఆస్తినంతా ప్రభుత్వం చేతికిచ్చిన దేశాల్లో మనిషి పడిన బాధ చరిత్రలో ఉంది. యెరూషలేము సంఘంలోనివారు పొలాలు అమ్మి అపొస్తలుల పాదాల వద్ద పెట్టారు. అయితే అననీయతో పేతురు మాట్లాడినప్పుడు ఆ పొలం అతనిదేనని, అమ్మాక ఆ సొమ్ము కూడా అతని వశంలోనే ఉండెనని ఒప్పుకున్నాడు (అపొ. 5). ఎవరూ బలవంతపెట్టలేదు. మన దేశమూ ఇలాగే ఎంచుకుంది. 1991లో మన తెలుగువాడు పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా పాత పర్మిట్ల పద్ధతిని సడలించి కొత్త దారి పట్టింది. దానివల్ల బాగుపడిన కుటుంబాలు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. మేలు జరిగిందని స్తుతించేవారు అది ఎంపిక అన్న సంగతినీ జ్ఞాపకముంచుకోవాలి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు కొద్ది దూరంలో కృష్ణానగర్ ఉంది. లైట్‌మెన్లు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, ప్రొడక్షన్ బాయ్‌లు ఇరుకు గదుల్లో ఉండి, తెల్లవారకముందే పనికి పిలుపు కోసం నిలబడే చోటు అది. మత్తయి 20వ అధ్యాయం చదివేటప్పుడు నాకు ఆ వీధి గుర్తుకొస్తుంది. ప్రొద్దు గుంకబోయే వేళకు కూడా సంతవీధిలో నిలిచి ఉన్నవారిని యజమాని ఎందుకని అడిగితే, ఎవరూ కూలికి పెట్టుకోలేదని జవాబిచ్చారు. ఆ ఉపమానం పరలోకరాజ్యాన్ని గురించినది, జీతాల పట్టిక కాదని నాకు తెలుసు. అయినా ఒక సంగతి చూడండి. సణిగినవారితో ఆ యజమాని ‘బజారు రేటు ఇంతే’ అని తప్పించుకోలేదు. ఇచ్చింది తన ఇష్టప్రకారమేనని చెప్పాడు.

2025 ఆగస్టు 4న ఈ కార్మికులు సమ్మెకు దిగారు. వేతనాలు 30 శాతం పెంచాలని, ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వాలని వారి ఫెడరేషన్ అడిగింది. రెండో కోరిక ద్వితీయోపదేశకాండము 24లో ఉన్నదే: ప్రొద్దు గుంకకముందే కూలి ఇవ్వాలి, ఎందుకంటే బీదవాని ఆశ దానిమీదే ఉంటుంది. నిర్మాతలకూ చెప్పుకోవడానికి ఉంది. చిత్రం ఆడకపోతే అప్పు వారి మెడకే చుట్టుకుంటుంది. సుమారు పద్దెనిమిది రోజులు షూటింగులు ఆగాయి. ప్రభుత్వం కలుగజేసుకుని, కార్మిక శాఖ ఇరుపక్షాలనూ కూర్చోబెట్టింది. రోజుకు రూ.2,000 లోపు కూలి ఉన్నవారికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం పెంచడానికి ఒప్పుకున్నారు. ఆగస్టు మొదటి వారంలో అసాధ్యమన్న పెంపులో ఎక్కువ భాగం మూడో వారానికి సాధ్యమైంది.

నెహెమ్యా 5వ అధ్యాయంలో కూడా ఇలాంటి కూర్పే జరిగింది. పొలాలు, ద్రాక్షతోటలు కుదువపెట్టి, పిల్లలను దాసులుగా అప్పగించిన జనం మొరపెట్టారు. నెహెమ్యా ప్రధానులను పిలిచి, వడ్డీ మానివేయమని, పొలాలు తిరిగి ఇవ్వమని గద్దించాడు. ‘ఇది లోకరీతి’ అని వారు అనలేదు. ఇచ్చివేస్తామన్నారు, యాజకుల ఎదుట ప్రమాణం చేశారు. తన సేవకులు కూడా అప్పులిచ్చినవారిలో ఉన్నారని నెహెమ్యా దాచుకోలేదు.

మన సంగతి? ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనంలో చేయి చాచే యజమానురాలూ, ఆ ఇంట్లో అంట్లు తోమే సహోదరీ ఈ నగరంలో ఎన్ని సంఘాల్లో లేరు! ఆమె జీతం ఎంతని ఎవరు నిర్ణయించారు? ‘పక్కింటివాళ్లు ఇస్తున్నదే’ అంటాం. పక్కింటివారిని అడిగితే మన ఇంటివైపు చూపిస్తారు.

సినిమా కార్మికుల ఒప్పందపు మూడేళ్లు 2028లో ముగుస్తాయి. ఫిల్మ్‌నగర్‌లో మళ్లీ ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుంటాయి. మన పనిమనిషికి ఫెడరేషన్ లేదు. ఆ మాట ఆమెతో మాట్లాడవలసింది మనమే, ఈ నెల జీతం ఇచ్చే రోజున.