గవర్నర్‌కు మనం ఎందుకు ఓటు వేయం?

గుజరాత్‌లోని సూరత్ జిల్లా కామ్‌రేజ్ ఓటర్లు 2022 డిసెంబరు 1న ఓటేసి తమ ఎమ్మెల్యేను ఎన్నుకున్నారు. అదే నెల 12న ముఖ్యమంత్రి భూపేంద్ర పటేల్ చేత ప్రమాణం చేయించిన గవర్నర్ ఆచార్య దేవవ్రత్‌ను మాత్రం వాళ్లు ఎన్నుకోలేదు. విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా ఇంతే. అమెరికాలో గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. ఈ తేడా ఎందుకు?

మన రాజ్యాంగ సభ కూడా మొదట ఎన్నికకే మొగ్గు చూపింది. 1928లో ఇదే సూరత్ జిల్లాలోని బార్డోలీ సత్యాగ్రహాన్ని నడిపిన వల్లభ్‌భాయ్ పటేల్, 1947 జులైలో రాష్ట్రాల రాజ్యాంగ కమిటీ నివేదికను సభ ముందు పెట్టారు. వయోజన ఓటుతో గవర్నర్‌ను నేరుగా ఎన్నుకోవాలన్నది అందులోని సిఫార్సు. సభ దాన్ని ఆమోదించింది.

1949 మే 31న అదే సభ ఆ నిర్ణయాన్ని మార్చుకుంది. అమెరికాలో గవర్నరే ప్రభుత్వాధినేత. మన దగ్గర పాలన ముఖ్యమంత్రి చేతిలో ఉంటుంది. ఇద్దరికీ ప్రజల తీర్పు ఉంటే ఎవరి మాట చెల్లాలి? రాష్ట్రాల్లో సంకుచిత ధోరణి పెరుగుతుందని నెహ్రూ కూడా ఎన్నికను వ్యతిరేకించారు. అలా రాష్ట్రపతి నియామకం ఖాయమై, 155వ అధికరణంగా నిలిచింది.

ఎన్నిక పెడితే వివాదాలు తీరతాయనీ లేదు. 1899లో కెంటకీ గవర్నర్ ఎన్నికలో రిపబ్లికన్ విలియం టేలర్ 2,383 ఓట్ల తేడాతో గెలిచి ప్రమాణం చేశారు. డెమోక్రాట్ విలియం గోబెల్ ఫలితాన్ని సవాలు చేశారు. 1900 జనవరి 30న గోబెల్‌పై కాల్పులు జరిగాయి. డెమోక్రాట్ల ఆధిక్యం ఉన్న చట్టసభ ఆయన్నే విజేతగా ప్రకటించింది. మరణశయ్యపై ప్రమాణం చేసిన ఆయన ఫిబ్రవరి 3న కన్నుమూశారు. కొన్ని నెలలపాటు ఆ రాష్ట్రంలో రెండు ప్రభుత్వాలు తమదే అధికారమన్నాయి.

నియామకం ఇంకో చిక్కు తెచ్చింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. ప్రజాందోళనతో నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ఆ పదవిలోకి వచ్చారు. రాష్ట్ర ఓటరు ఎన్నుకోని, దించలేని వ్యక్తి ఆ ఓటరు తీర్పునే తిరగరాయగలరని ఆ నెల రోజులు చూపించాయి.

1949లో సభ ఇద్దరు నేతల పోటీని తప్పించింది. కానీ గవర్నర్ పదవీకాలం రాష్ట్రపతి, అంటే ఆచరణలో కేంద్రం, ఇష్టాన్ని బట్టే ఉంటుంది. అందుకే గవర్నర్‌ను ఎలా ఎంచుకోవాలన్నదానికంటే, ఆయన విచక్షణకు హద్దు ఎక్కడన్నదే అసలు ప్రశ్న.