రంగు పోయినా అర్థమయ్యే బార్ చార్ట్

ప్రాజెక్ట్ రిపోర్ట్ రెడీ. స్క్రీన్ మీద చార్ట్ అదిరింది. ఎరుపు బార్ పోయినేడాది ప్లేస్‌మెంట్లు, ఆకుపచ్చ బార్ ఈ ఏడాదివి. కలర్ ప్రింట్ ఖరీదని కాపీలన్నీ బ్లాక్ అండ్ వైట్‌లో తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించారు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఆ పేజీ తెరిచి ‘ఇందులో ఈ ఏడాదిది ఏది?’ అని అడిగితే? రెండు బార్లూ ఒకేలాంటి బూడిద రంగులో కనిపిస్తుంటాయి.

ఇందులో ప్రింటర్ తప్పేమీ లేదు, అంతా లెక్కే. పైథాన్‌లో బొమ్మలతో పనిచేసే పిల్లో లైబ్రరీనే తీసుకోండి. రంగును గ్రేగా మార్చేటప్పుడు అది ఎరుపు విలువలో 29.9 శాతం, ఆకుపచ్చలో 58.7 శాతం, నీలంలో 11.4 శాతం తీసుకుని కలుపుతుంది. పూర్తి ఎరుపు (255, 0, 0) అలా 76 అవుతుంది. ‘గ్రీన్’ అని పేరు ఇస్తే వచ్చే ఆకుపచ్చ (0, 128, 0) 75 అవుతుంది. తేడా ఒక్కటే! ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్తుపట్టలేని వర్ణాంధత్వం ఉన్నవాళ్లకైతే కలర్ ప్రింట్ ఇచ్చినా ఇబ్బందే. అందుకే బార్‌కు రంగుతో పాటు ప్యాటర్న్ కూడా ఇవ్వాలి.

ముందు ఒక టైల్

ఫ్లోరింగ్ పని చూశారుగా, ఇదీ అంతే. 8×8 పిక్సెళ్ల తెల్లటి బొమ్మ ఒకటి తయారు చేయండి. కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు ఒక నల్ల గీత గీయండి. ఇదే మీ టైల్. ఇప్పుడు బార్ ఎంత సైజులో ఉండాలో అంత ఖాళీ బొమ్మ తీసుకుని, రెండు ఫర్ లూపులతో 8 పిక్సెళ్లకొకసారి టైల్‌ను పేస్ట్ చేస్తూ పోండి. అంచు దాటిన ముక్కను పిల్లోనే కత్తిరిస్తుంది. గీతలు ఒకదానికొకటి కలిసి ఏటవాలు చారలు వస్తాయి. ఆ బొమ్మను చార్ట్ మీద పేస్ట్ చేసి చుట్టూ బోర్డర్ గీస్తే బార్ రెడీ. పీహెచ్‌పీ వాడేవాళ్లకు జీడీ లైబ్రరీలో టైల్‌తో నింపే ఫంక్షన్ సిద్ధంగానే ఉంది.

ఇక్కడే తడబడతారు

బొమ్మలో సున్నా పై ఎడమ మూలలో ఉంటుంది. వై విలువ పెరిగేకొద్దీ కిందికి దిగుతాం. బేస్‌లైన్ 350 దగ్గర ఉంది, ఒక్కో మార్కుకు 3 పిక్సెళ్లు అనుకుందాం. 70 మార్కుల బార్ ఎత్తు 210. దాని పై అంచు 350 నుంచి 210 తీసేస్తే వచ్చే 140 దగ్గర ఉండాలి. ఈ తీసివేత మర్చిపోతే బార్ తలకిందులవుతుంది.

రెండోది సైజు. 300 డీపీఐలో ప్రింట్ చేస్తే 8 పిక్సెళ్లంటే 0.7 మిల్లీమీటరు కూడా ఉండదు. చారలన్నీ కలిసిపోయి మళ్లీ బూడిద రంగే మిగులుతుంది. టైల్‌ను 24 పిక్సెళ్లకు, గీత మందాన్ని 3కు పెంచండి. అప్పుడు టైళ్లు కలిసే మూలల్లో చిన్న గాట్లు పడతాయి. మందం పెరిగిన గీత టైల్ బయటికి వెళ్లి తెగిపోవడమే కారణం. అదే గీతను 24 పిక్సెళ్లు అటొకటి, ఇటొకటి జరిపి గీస్తే మిగతా రెండు మూలలూ నిండి గాట్లు పోతాయి.

ఒక్క లైన్‌లో అయ్యేదానికి ఇంత అవసరమా?

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో బార్ ఫంక్షన్‌కు ‘హ్యాచ్’ అనే ఆప్షన్ ఇస్తే ఒక్క లైన్‌లో ప్యాటర్న్ వచ్చేస్తుంది. గడువు దగ్గరపడితే అదే వాడండి, తప్పేం లేదు. కానీ ఒక్కసారైనా చేత్తో చేసి చూడండి. రెజ్యూమెలో పైథాన్ అని అందరూ రాస్తారు. ‘లైబ్రరీ లోపల ఏం జరుగుతోంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది ఆగిపోయేది అక్కడే. కోఆర్డినేట్లు, లూపులు, పిక్సెళ్లు, గ్రే లెక్క... ఇవన్నీ ఈ చిన్న చార్ట్‌లోనే ఉన్నాయి. పెన్ను ఇస్తే కాగితం మీద గీసి చెప్పగలరు.

ఈ వారాంతంలో మూడు టైళ్లు ప్రయత్నించండి: ఏటవాలు చారలు, అడ్డచారలు, చుక్కలు. నాలుగు దాటితే చూసేవాళ్ల కళ్లు తిరుగుతాయి. ఏ ప్యాటర్న్ దేనికో చెప్పే చిన్న గడుల్లోనూ అవే టైళ్లు వాడండి. చివరగా చార్ట్‌ను గ్రేకి మార్చి చూడండి. ముందు బొమ్మ, తర్వాత బొమ్మ, కోడ్ మూడూ గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమెలో ఆ లింక్ ఉంటే, అడిగినవాళ్లకు చూపించడానికి మీ చేతి పని ఒకటి ఉన్నట్టే.