బాస్కెట్‌బాల్ బూటు లెక్క: ఫోమ్ పనెంత, మోకాలి పనెంత?

పిల్లాడో, అమ్మాయో స్కూలు బాస్కెట్‌బాల్ టీములోకి ఎంపికయ్యారంటే ఇంట్లో ముందు సంతోషం, ఆ వెంటనే బూట్ల పేచీ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఈ పేచీకి రెండో కొస చాలాసార్లు దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటుంది. సెలవు మీద వస్తున్న చిన్నాయనకు ఫోన్ చేసి, ఫలానా కంపెనీ కొత్త మోడల్ తెమ్మని చెబుతారు. డబ్బా నిండా ఫోమ్ పేర్లు, గాలి గదుల పేర్లు, గ్రాముల లెక్కలు ఉంటాయి. వాటిలో మీ పిల్లల కాలికి పనికొచ్చేవి ఏవో ఒక్కొక్కటే చూద్దాం.

సారాంశం ముందే చెప్పేస్తాను. ఆరుబయట సిమెంటు కోర్టు మీద ఆడేవాళ్లు మొదట చూడవలసింది కొలత. రెండోది అడుగు రబ్బరు. ప్రకటనలన్నీ మోతెక్కించే ఫోమ్ మూడోది. ఎందుకో అంకెలే చెబుతాయి.

బూటులో అసలు ఏముంటాయి?

మూడు పొరలు. పాదాన్ని కప్పే పై భాగం అప్పర్. నేలను తాకే రబ్బరు అవుట్‌సోల్. ఈ రెంటి మధ్య ఉండే మెత్తటి ఫోమ్ మిడ్‌సోల్. కొత్త మోడల్ అని వచ్చేవాటిలో మార్పు ఎక్కువగా ఈ మధ్య పొరలోనే జరుగుతుంది. 2013లో అడిడాస్ తెచ్చిన బూస్ట్ అలాంటిదే. చిన్న చిన్న ప్లాస్టిక్ గింజలను ఉబ్బించి, ఆవిరితో ఒకదానికొకటి అతికించిన ఫోమ్ అది. నైకీ గాలి నింపిన సంచులను సోల్‌లో పెడుతుంది. పేర్లు ఎన్ని ఉన్నా పని ఒక్కటే: దిగినప్పుడు నలగడం, లేచినప్పుడు తిరిగి ఉబ్బడం.

దూకి దిగితే కాలి మీద ఎంత పడుతుంది?

బాస్కెట్ రింగు ఎత్తు 3.05 మీటర్లు. దాన్ని అందుకోవడానికి 60 కిలోల కుర్రాడు 40 సెంటీమీటర్లు ఎగిరి దిగాడనుకుందాం. కాలు నేలను తాకాక ఒళ్లు పూర్తిగా ఆగేలోపు ఎంత దూరం కిందికి వస్తుందన్నదే అసలు లెక్క. ఆ దూరం ఎంత ఎక్కువైతే దెబ్బ అంత తక్కువ. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతామే, అదే సూత్రం.

మోకాళ్లు బిగబట్టి, 4 సెంటీమీటర్లలోనే ఆగిపోయాడనుకోండి. సగటున ఒంటి బరువుకు 11 రెట్లు, అంటే 660 కిలోల భారం పడుతుంది. ఇప్పుడు మంచి ఫోమ్ ఉన్న బూటు తొడిగిద్దాం. అది ఒక సెంటీమీటరు నలిగిందంటే ఆగే దూరం 5 సెంటీమీటర్లు. భారం 9 రెట్లకు, 540 కిలోలకు దిగుతుంది. 120 కిలోలు తగ్గాయి. చిన్న మేలేం కాదు.

అదే కుర్రాడు నడుమూ మోకాళ్లూ వంచి, 40 సెంటీమీటర్ల మేర కుంగుతూ దిగితే? భారం రెండు రెట్లే, 120 కిలోలు. ఇక్కడ ఫోమ్ ఇచ్చే అదనపు సెంటీమీటరు వల్ల తగ్గేది 2 కిలోలు కూడా కాదు. ఇవి సగటు లెక్కలు. నేల తాకిన క్షణంలో పడే అసలు దెబ్బ ఇంతకంటే ఎక్కువగానే ఉంటుంది, పోలిక మాత్రం మారదు. ఫోమ్ బాగా ఆదుకునేది కాలు తప్పుగా దిగినప్పుడు. సరిగ్గా దిగడం నేర్పేది పీఈటీ సారు.

సిమెంటు మీద ఆడేవాళ్లకు ఫోమ్ ఇంకా ఎక్కువ కావాలి కదా?

న్యాయమైన సందేహమే. ఇండోర్ ఆటల నేలలకు యూరప్‌లో ఈఎన్ 14904 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం నేల తానే 25 నుంచి 75 శాతం దాకా దెబ్బను మింగాలి. ఆ శాతాన్ని కాంక్రీటుతో పోల్చి కొలుస్తారు, అంటే ఆ కొలబద్ద మీద సిమెంటు విలువ సున్నా. కాబట్టి పలచటి సోల్ మన కోర్టులకు పనికిరాదు, ఒక మోస్తరు మందం ఉండాల్సిందే. అయితే మందం పెరిగేకొద్దీ పాదం నేలకు ఎత్తుగా నిలుస్తుంది, పక్కకు తిరిగినప్పుడు ఒరిగే వీలూ పెరుగుతుంది. అందుకే మెత్తదనం ఒక్కటే చూసి మురిసిపోకండి.

సిమెంటు తినేది ముందు అడుగు రబ్బరును. పెద్ద కంపెనీల ఖరీదైన మోడళ్లు చాలావరకు చెక్క నేల కోసం తయారైనవి. చెక్క మీద పట్టు దొరకాలని రబ్బరును మెత్తగా, గాడులను సన్నగా ఉంచుతారు. 2020 డిసెంబరులో అండర్ ఆర్మర్ తెచ్చిన కర్రీ ఫ్లో 8లో అడుగున రబ్బరే లేదు, ఫోమే నేలను పట్టుకుంటుంది. నున్నటి ఇండోర్ కోర్టు మీద అది తెలివైన పని. గరుకు సిమెంటు మీద తిప్పితే నష్టపోయేది కొన్నవాళ్లే.

దుకాణంలో బూటును తిరగేసి చూడండి. పాము నడకలాంటి వంకర గీతలు అడుగంతా పరుచుకుని ఉండాలి. ఆ గీతలు లోతుగా, వెడల్పుగా ఉంటే దుమ్ము ఇరుక్కోదు, అరిగినా కొన్నాళ్లు పట్టు ఉంటుంది. బొటనవేలి గోరుతో రబ్బరును గట్టిగా నొక్కండి. గోరు గుర్తు లోతుగా పడితే మెత్త రబ్బరని అర్థం, సిమెంటుకు వద్దు. నైకీ బూట్ల అడుగున ఎక్స్‌డీఆర్ అన్న అక్షరాలు కనిపిస్తే అది ఎక్కువ మన్నే రబ్బరని కంపెనీ చెప్పే గుర్తు.

మెడ ఎత్తుగా ఉన్న బూటు చీలమండను కాపాడదా?

అందరూ నమ్మే మాట ఇది. 1993లో అమెరికాలో 622 మంది కాలేజీ ఆటగాళ్లకు మూడు రకాల బూట్లు చీటీ తీసినట్టు పంచి చూశారు: ఎత్తు మెడవి, గాలి గదులున్న ఎత్తు మెడవి, పొట్టి మెడవి. 39,302 నిమిషాల ఆటలో మొత్తం 15 చీలమండ గాయాలయ్యాయి. ఎత్తు మెడవాళ్లలో 7, మిగతా రెండు గుంపుల్లో నాలుగేసి. ఫలానా రకం కాపాడిందని చెప్పేంత తేడా ఏదీ తేలలేదు.

2001లో ఆస్ట్రేలియాలో పదివేలకు పైగా ఆటగాళ్ల హాజరీలను గమనించారు. ఇంతకుముందు చీలమండ బెణికినవాళ్లకు మళ్లీ బెణికే అవకాశం దాదాపు 5 రెట్లు ఉంది. ఆటకు ముందు ఒళ్లు సాగదీయనివాళ్లకు 2.6 రెట్లు. మడమలో గాలి గదులున్న బూట్లు తొడిగినవాళ్లకు 4.3 రెట్లు. ఒక్క పరిశీలనతో ఆ బూట్లు చెడ్డవని తీర్పు చెప్పలేం. గాలి గది ఉంది కదా, కాలికి భయం లేదన్న ధీమా మాత్రం పనికిరాదు.

మరి ఏది కాపాడుతుంది? లేసులతో బిగించే యాంకిల్ బ్రేస్, అంటే సాక్సు మీద తొడిగే చీలమండ పట్టీ. 2011లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1,460 మంది హైస్కూలు ఆటగాళ్ల మీద పరీక్షించారు. ఒక్కో పిల్లాడు ఆటకో ప్రాక్టీసుకో దిగిన వెయ్యి సార్లకు, పట్టీ లేనివాళ్లలో 1.41 గాయాలు, ఉన్నవాళ్లలో 0.47. మన లెక్కలోకి మారుద్దాం. 12 మంది పిల్లలు, వారానికి 5 రోజులు, 20 వారాలు. అంటే 1,200 సార్లు. అలాంటి రెండు జట్లను కలిపితే పట్టీ లేకుండా మూడు బెణుకులు దాటతాయి, పట్టీతో ఒకటి. అయితే తగిలిన గాయం తీవ్రతను పట్టీ తగ్గించలేదని కూడా ఆ పరీక్షలోనే తేలింది.

పై గుడ్డ సంగతి సిరిసిల్లవాళ్లకు చెప్పాలా?

చెప్పనక్కర్లేదు. ఇవాళ్టి అప్పర్లలో ఎక్కువ భాగం పాలిస్టర్ నూలే. మగ్గాల దగ్గర రోజూ వినిపించే డెనియర్ లెక్కే ఇక్కడా. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 75 డెనియర్ దారాన్ని సిరిసిల్ల నుంచి వేములవాడ దాకా పరిచినా బరువు సుమారు 100 గ్రాములే. బూటు పైభాగం అంత తేలికగా ఎలా వచ్చిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

తేడా అల్లికలో ఉంది. పడుగూ పేకా కలిపి నేసిన గుడ్డ పెద్దగా సాగదు. ఉచ్చులు ఉచ్చులుగా అల్లిన గుడ్డ బనియన్‌లా సాగుతుంది. నైకీ 2012లో అల్లిక గుడ్డతో బూట్లు తెచ్చింది, 2014లో కోబీ 9 ఎలీట్‌తో బాస్కెట్‌బాల్‌లోకి దించింది. మెత్తగా కాలికి అతుక్కున్నా, అడ్డంగా మళ్లేటప్పుడు గుడ్డ సాగితే పాదం సోల్ మీంచి జారుతుంది. అందుకే పక్కల గట్టి తీగల్లాంటి దారాలు జోడించారు. మీరు కొనేటప్పుడు చిటికెన వేలి పక్క గుడ్డను వేళ్లతో బయటికి లాగండి. రబ్బరులా సాగితే పక్కన పెట్టేయండి.

గుడ్డా సోలూ అతికే చోటు కూడా చూడాలి. 2019 ఫిబ్రవరి 20న అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ ఆటగాడు జయాన్ విలియమ్సన్ మ్యాచ్ మొదలై నిమిషం తిరక్కుండానే ఒక్కసారి మళ్లబోయాడు. నైకీ బూటు పక్కకు చీలి పాదం బయటికొచ్చింది, మోకాలు బెణికింది. అతని బరువు 129 కిలోల దాకా ఉండేది. మన పిల్లలకు అంత బరువు లేకపోయినా జిగురుకు ఎండ ఉంది. జగిత్యాలలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. వేడికి జిగురు, ఫోమ్ రెండూ మెత్తబడతాయి. తడిసిన బూట్లను డాబా మీద ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి.

తేలిక బూటుకు ఎక్కువ పెట్టాలా?

ఒక్కో బూటుకు 100 గ్రాములు పెరిగితే పరుగులో ఒళ్లు వాడే ఆక్సిజన్ సుమారు 1 శాతం పెరుగుతుందన్నది పాత లెక్క. రెండు మోడళ్ల మధ్య తేడా 40 గ్రాములైతే అర శాతం కూడా కాదు. దానికోసం వేలు పోయనక్కర్లేదు.

దుబాయి నుంచి తెప్పిస్తే సైజు ఎలా చెప్పాలి?

మన దుకాణాల్లో చెప్పేది యూకే సైజు. అక్కడ డబ్బా మీద అమెరికా, యూరప్ అంకెలూ ఉంటాయి, అవి కంపెనీకో తీరు. మగవాళ్ల బూట్లలో నైకీ యూకే 8 అంటే అమెరికా 9, యూరప్ 42.5. అడిడాస్ యూకే 8 అంటే అమెరికా 8.5, యూరప్ 42. "ఎనిమిది తే" అంటే ఏ ఎనిమిదో చిన్నాయనకు తెలియదు. సెంటీమీటర్లలో చెప్పండి. సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబెట్టి మడమ నుంచి పొడవైన వేలి దాకా రెండు పాదాలూ కొలవండి. పెద్ద కొలతను వాట్సాప్‌లో పంపండి. చాలా కంపెనీల లేబుల్ మీద సెంటీమీటర్లలోనో, మిల్లీమీటర్లలోనో కూడా అంకె ఉంటుంది.

పెరిగే కాలు కదా, ఒక సైజు పెద్దది తీసుకుందామా? యూకే సైజు ఒకటి పెరిగితే బూటు 8.5 మిల్లీమీటర్లు పొడవవుతుంది. ఉండాల్సిన ఖాళీకి ఇది అదనం. పరిగెత్తి ఠక్కున ఆగినప్పుడు పాదం ఆ మేర ముందుకు జారి గోళ్లు దెబ్బతింటాయి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ చాలు. చెన్నైలోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థ 79 చోట్ల 1,01,880 మంది పాదాలను కొలిచింది. పాదం పెరుగుదల ఆడపిల్లల్లో సగటున 11 ఏళ్లకు, మగపిల్లల్లో 15-16 ఏళ్లకు గరిష్ఠానికి చేరుతుందని తేలింది. మన పాదాలు వెడల్పని కూడా అదే సర్వే చెప్పింది. పొడవు సరిపోయినా పక్కలు నొక్కుతుంటే ఆ జత వద్దు. దుబాయి నుంచి వచ్చిన జతను మార్చుకోవడం కుదరదు, ఇక్కడ కొన్నది తొడిగి చూసి తీసుకోవచ్చు.

ధర ఎక్కడ గెంతుతుంది?

2025 సెప్టెంబరు 22 నుంచి జత ధర 2,500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. 2,500 రూపాయల జత పన్నుతో కలిపి 2,625. 2,501 రూపాయల జత 2,951. ఒక్క రూపాయి తేడాకు 326 రూపాయలు. ఇక్కడ కొన్నది రెండో రకం అన్న అనుమానమూ వద్దు, అడిడాస్ బూట్లు తిరుపతి జిల్లా తడ దగ్గరి అపాచీ ఫ్యాక్టరీలో కూడా తయారవుతాయి. క్రీడా బూట్లకు ఐఎస్ 15844 అనే భారతీయ ప్రమాణం ఉంది. పెట్టె మీదో, బూటు లోపలో ఐఎస్‌ఐ గుర్తు వెతకండి.

చివరిగా గంటల లెక్క. రోజుకు గంట, వారానికి 5 రోజులు ఆడితే ఆరు నెలల్లో 130 గంటలు. ఆలోపే కాలు పెరిగి బూటు బిగుతైతే, 9,000 రూపాయల జతకు గంటకు 69 రూపాయలు పడినట్టు. 2,625 రూపాయల జతకు 20. పదిహేనేళ్ల పిల్లాడికి 9,000 పెట్టగలిగిన ఇల్లయినా, ముందు కొలతకు సరిపోయే గట్టి రబ్బరు జత కొని, రెండో ఖర్చుగా రెండు కాళ్లకూ పట్టీలు తెచ్చి, మిగిలినది కాలు పెరిగాక కొనబోయే తర్వాతి జతకు దాచడమే లాభం.